ఉప్పు పడకముందే

ఆ ఉదయం ఆకాశం బాగా కిందికి దిగి ఉంది. సరస్సు మీద నుంచి వచ్చిన మబ్బు ముందుకు పోకుండా, వెనక్కి మళ్ళకుండా, మూసేసిన గని మీది ఇనుప గోపురం దగ్గర ఆగి, బూడిద చల్లినట్టు మంచు రాలుస్తోంది. తూర్పున పలచని పసుపు గీత ఒకటి కనిపించి చెరిగిపోయింది. ఆ రోజుకి సూర్యుడంటే అంతే.

పోయిన వారం భాగం చివర మీరు నన్ను, రోడ్ల మీది మంచు కరగడానికి ఉప్పు చల్లే లారీలో, బ్రేకు మీద కాలు పెట్టి ఉండగా వదిలారు. కథ ఇంకా అక్కడే ఉంది. ఏడాదిన్నర కిందట మా అన్న తౌనో పోయాడు. ఆయన్ని మట్టి చేసి వచ్చిన పూటే, చర్చి కింది గదిలో భోజనాల దగ్గర మా వదిన ఆయిలికీ కూతురు సోన్యాకీ మాటామాటా పెరిగింది. సోన్యా తన తండ్రి కారెక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మనిషి జాడ లేదు, కారు జాడ లేదు. ఇప్పుడు, ఈ ఏటి మొదటి మంచు నాడు, మా కొండ వీధి మొదట్లో, మూతపడ్డ చెప్పుల దుకాణం ముందు ఆ కారు నిలబడి ఉంది.

వెనక నుంచి చూసే పోల్చుకున్నాను. ఎడమ వైపు దీపం కుడి దానికన్నా ఒక రవ్వ ముదురెరుపు. పాత ఇనుము కొట్టులో వేరే బండికి ఊడదీసి తెచ్చి, నేనూ అన్నా కలిసి బిగించిన దీపం అది. లారీ దిగి ముందుకు నడిచాను. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, నేలకి ఆనుకుని పడుకున్న వేటకుక్క వాలకం. నల్ల రంగులో మెరుపు పోయింది. బానెట్ నిండా రెక్కలు చాపిన బంగారు పక్షి ఉండేది. ఇప్పుడు దాని ఒక రెక్క మజ్జిగలో ముంచి తీసినట్టు తెల్లబడింది, రెండో రెక్క మంచు కింద ఉంది. ఫైర్‌బర్డ్ అని దాని పేరు. మా ఊళ్ళో ఆ పేరుతో ఎవరూ పిలవరు. తౌనో కారు అంటారు, ఆయన పోయాక కూడా.

చేతి తొడుగు తీసి వెనక చక్రం పైన అంచు తడిమాను. రంగు కింద పొక్కులు తగిలాయి, వేసవిలో ఒంటి మీద లేచే చెమట పొక్కుల్లాంటివి. బొటనవేలితో నొక్కితే ఒకటి చిట్లి గోధుమరంగు తుప్పు పొడి రాలింది. అంటే ఈ కారు పోయిన చలికాలం ఉప్పు మీద నడిచింది. మా అన్న బతికుండగా ఒక్క రోజు కూడా జరగని పని అది. నేను ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చాలాసేపు నిలబడ్డాను.

మా ఊళ్ళో ప్రతి ఇంటికీ రెండు రకాల బళ్ళు ఉంటాయి. చలికాలపు బండి ఉప్పుకి తుప్పు పట్టి చావడానికే పుట్టింది. ఎండకాలపు బండి రోడ్డు మీద మొదటి ఉప్పు గింజ పడకముందే కొట్టంలోకి పోవాలి, దుప్పటి కప్పుకోవాలి, వసంతంలో వానలు ఉప్పుని కడిగేదాకా బయటికి రాకూడదు. ఎవరి ఎండకాలపు బండైనా మొదటి మంచు నాడు వీధిలో కనపడితే చూసినవాడు ఇంటివాడికి ఫోన్ చేస్తాడు. ఇంటివాడు పలకకపోతే తనే నడుపుకెళ్ళి లోపల పెడతాడు. తాళం చెవి కారులోనే, ఎండకు దించుకునే రేకు పైన ఉంటుంది. దీన్ని ఎవరూ తప్పు పట్టరు. ఇంట్లో మనుషులు లేనప్పుడు వాన మొదలైతే దండెం మీది బట్టలు పక్కింటివాళ్ళు తీసి లోపల వేయరా, ఇదీ అంతే.

అందుకని ఆ వీధిని వదిలేసి ముందు మిగతా ఊరంతా ఉప్పు చల్లాను. తిరిగొచ్చేసరికి తెల్లారింది. కారు కదల్లేదు. ఎదురుగా లెంపీ రొట్టెల కొట్లో దీపం వెలిగింది. లోపలికి వెళ్ళాను.

"సోన్యాని చూశావా?"

లెంపీ రొట్టెల పళ్ళెం బల్ల మీద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "ఏ సోన్యా? మన సోన్యానా? పొద్దున్నే ఏమైనా తాగొచ్చావా ఏంటి?"

"కారుంది బయట."

ఆమె కిటికీ అద్దం మోచేత్తో తుడిచి, ముక్కు ఆనించి చూసింది. "అమ్మో! అదే." వేలితో కిందికి చూపించింది. "ఆ టైర్లు చూడు ఈరో. ఎండకాలం టైర్లు! అరిగి అరిటాకుల్లా ఉన్నాయి. బ్రిడ్జి దాటి దక్షిణాన ఉండే కిందోళ్ళతో తిరిగి బుద్ధి కూడా కిందికే పోయినట్టుంది పిల్లకి."

"వాటితో కొండ ఎక్కదు కదా."

"కొండా? నా కొట్టు గుమ్మం కూడా ఎక్కదు. ఇక్కడ పడేసి నడిచి ఇంటికి పోయుంటుంది. ఇంకెక్కడికి పోద్ది?" గబుక్కున ఆమె కళ్ళు తడయ్యాయి. "ఆయిలి కష్టం గట్టెక్కింది. ఇంకా నిలబడతావేం? నువ్వు ఉప్పు చల్లకముందే దాన్ని లోపలెయ్యి. ఇదిగో, ఈ రొట్టె పట్టుకెళ్ళు. డబ్బులు తియ్యకు, చెయ్యి విరుస్తా."

నాకూ అదే తోచింది. మంచు నాడు కొండ మొదట్లో ఎవరి బండి ఆగి ఉన్నా మాకు ఒకటే అర్థం: బండి ఎక్కలేదు, మనిషి నడిచి ఇంటికి వెళ్ళాడు. వేరే అర్థం ఉండొచ్చని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. అడుగుల కోసం చూడలేదు. చూసినా మంచు వాటిని ఎప్పుడో పూడ్చేసి ఉంటుంది.

లారీలోంచి ఇసుక బస్తాలు దింపి కారు డిక్కీలో వేశాను. వెనక చక్రాలు తోసే బండికి వెనక బరువు లేకపోతే మంచు మీద బొంగరమే. తలుపు కొంచెం పైకెత్తి లాగాను. ఆ తలుపులు అంత పొడుగు, బరువుకి జారతాయి, ఎత్తితేనే పడతాయి. లోపల అన్న పొగాకు వాసన ఉంటుందనుకున్నాను. లేదు. ఏదో పూల సబ్బు వాసన. తాళం తిప్పితే ఒక్క దెబ్బకి అందుకుంది. ఆ చప్పుడు మాత్రం మారలేదు. గొంతు బొంగురుపోయిన మనిషి నవ్వినట్టు ఉంటుంది.

నెమ్మదిగా కొండ ఎక్కించాను. వదిన వంటింట్లో దీపం వెలుగుతోంది, పొగగొట్టం లోంచి పొగ తిన్నగా లేస్తోంది. కిటికీ తెర కదిలింది. కారుని కొట్టంలో దాని చోట, నూనె మరకల మీద నిలబెట్టాను. దుప్పటి అటక మీద మడిచినట్టే ఉంది. దులిపి కప్పాను. ఏడాదిన్నర తర్వాత తల్లీ కూతురూ ఒక్క పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే నడుమ నాకేం పని? తలుపు తట్టకుండానే కొండ దిగాను. కిందికొచ్చి లారీ ఎక్కి, మళ్ళీ పైదాకా పోయి, కొండ వీధంతా ఉప్పు చల్లుకుంటూ దిగాను. మనసు తేలిగ్గా ఉంది. ఈల కూడా వేశాననుకుంటాను.

చెప్పుల దుకాణం ముందు మంచు లేని నల్లటి నేల మిగిలి ఉంది, కారు కొలతకి కత్తిరించినట్టు. ఆ నల్లటి నేల మధ్యలో సోన్యా నిలబడి ఉంది.

చిక్కిపోయింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. మోకాళ్ళదాకా తడి. చేతులు చంకల్లో పెట్టుకుని నా లారీ వైపు చూస్తోంది. నేను కిటికీ దించాను.

"బాబాయ్, నా కారు ఎవరో ఎత్తుకుపోయారు," అంది. బాగున్నావా అని కూడా లేదు.

"ఎత్తుకుపోలేదు. కొట్టంలో పెట్టాను."

"ఏ కొట్టంలో?"

"దాని కొట్టంలో."

పిల్ల మొహం మంచు కన్నా తెల్లబడింది. "ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"ఎవరు చెప్పాలి? ఉప్పు చల్లే రోజు."

"దేవుడా! ఈ ఊళ్ళో ఒక మనిషి కాసేపు బండి ఆపుకోడానికి లేదా? అడగవా? వెతకవా?"

"ఇంటికి పోయావనుకున్నాను."

"నేను ఇంటికి రాలేదు బాబాయ్. నాన్న దగ్గరికొచ్చాను." గడ్డంతో పైన సమాధుల తోట వైపు చూపించింది. "చూసి పోదామని వచ్చా. ఎవరి కంటా పడకుండా. తీరా నువ్వు..." మాట ఆపి, నల్లటి నేలని బూటుతో తన్నింది. "సరే. తెచ్చిపెట్టు. నేనిక్కడే ఉంటా. అమ్మ చూడకముందే తెచ్చిపెట్టు."

"కొండంతా ఉప్పు చల్లేశాను."

"అయితే?"

"అయితే ఏముంది. ఉప్పు మీదికి ఆ కారు రాదు."

"పోయిన చలికాలమంతా ఉప్పు మీదే తిరిగింది!"

"చూశాను," అన్నాను.

ఆ ఒక్క మాటకి దాని కోపం ఎక్కడో జారిపోయింది. తల తిప్పుకుంది. "నాకక్కడ కొట్టం లేదు," అంది కాసేపటికి. "వీధిలోనే పెట్టాలి. దుప్పటి కొని కప్పితే రెండో రోజే ఎవడో దుప్పటి పట్టుకుపోయాడు. కారు వదిలేసి దుప్పటి పట్టుకుపోయాడు బాబాయ్."

"ఎక్కు."

ఎక్కింది. లెంపీ ఇచ్చిన రొట్టె చేతిలో పెడితే వేడికి చేతులు కాచుకుంది గానీ తినలేదు. లారీ కొండ వైపు తిప్పాను. సగం దూరం వచ్చేశాం.

"శనివారం నా పెళ్ళి," అంది.

లారీ ఆపాను, రోడ్డు మధ్యలోనే.

"వెనక ఎవడైనా వచ్చి గుద్దుతాడు బాబాయ్."

"ఉప్పు లారీ వెనక వచ్చేవాడికి ఓపిక ఉంటుంది. అమ్మకి చెప్పావా?"

"నాన్నకి చెప్పా. ఇప్పుడే." రొట్టెని రెండో చేతిలోకి మార్చుకుంది. "సాయంత్రానికి బ్రిడ్జి దాటాలి. గాలి పెరిగితే మూసేస్తారు. అందుకే చీకటితోనే వచ్చా."

"కుర్రాడి పేరేంటి?"

"చెప్పను. చెప్తే అమ్మ ముందు నువ్వు బయటపెట్టేస్తావు."

"నేనా?"

"నోరు తెరవవులే. నీ మొహమే చెప్పేస్తుంది. దాన్ని దాచుకోడం ఈ జన్మలో నీకు చేతకాదు." మొదటిసారి నవ్వింది. ఆ నవ్వులో పై పెదవి కొంచెం పక్కకి లాగడం మా అన్నదే. నేను గేరు వేశాను.

కొట్టం తలుపు ఒకటి తెరిచి ఉంది. నేను వేసి వచ్చిన తలుపు. వదిన లోపలే ఉంది. నడుముకి ఏప్రను, దాని మీద అన్న పాత కోటు, చేతులకి మోచేతుల దాకా పిండి. కారు ముందద్దం మీద దుప్పటి పక్కకి తీసి ఉంది. అంటే లోపలికి తొంగి చూసింది. చూసి మళ్ళీ వెనక్కి వచ్చి నిలబడింది. ఆ దూరం నాకు తెలుసు. ఆ కారు ఇంటికొచ్చిన రోజు నుంచీ ఆమె దానికి అంతే దూరంలో నిలబడుతుంది, పొడిచే గొడ్డుకి దూరంగా నిలబడ్డట్టు.

"కారు ఎప్పుడో వచ్చింది," అంది వదిన. "మనిషి ఇప్పుడొచ్చింది."

"నేను రాలేదు. బాబాయ్ తెచ్చాడు," అంది సోన్యా. "కారునీ, నన్నూ."

వదిన నా వైపు చూసింది. "ఏవయ్యా ఈరో, బతికున్నవాళ్ళని అడిగి పనులు చెయ్యడం ఎప్పుడు నేర్చుకుంటావు నువ్వు?"

"ఉప్పు వదినా," అన్నాను.

"నీ ఉప్పు సంగతి తర్వాత చూస్తా." కూతురి వైపు తిరిగింది. తడిసిన బూట్ల దగ్గర మొదలుపెట్టి, జుట్టుదాకా చూసింది. "తింటావా?"

"వెళ్ళాలమ్మా."

"కారు కొండెక్కుతుంటే చూసి అప్పుడే పొయ్యిలో పెట్టాను. ఇంకాసేపట్లో అవుతాయి."

"బ్రిడ్జి మూసేస్తారు. శనివారం పెళ్ళి నాది."

ఎవరతను అని వదిన అడగలేదు. కోపం వల్ల అనుకున్నాను. చేతుల పిండి ఏప్రనుకి తుడుచుకుంది, ఒక్కో వేలూ.

"ఎవరికి చెప్పావు?"

"నాన్నకి."

"రాయికి చెప్పావు." ఆమె గొంతు పెంచలేదు. "అక్కడ్నించి చూస్తే ఈ ఇంటి పొగ కనపడుతుంది."

"కనపడింది."

"కనపడీ రాలేదు."

"నువ్వే కదమ్మా పొమ్మన్నావు. ఊరందరి ముందూ. చేతిలో అన్నం పళ్ళెం ఉంది నాకు. 'ఆ ఇనపముద్దని నా కళ్ళముందు నుంచి తీసెయ్యండి' అన్నావు."

"నేను కారుని పొమ్మన్నాను."

"దాన్ని ఎవరు నడుపుతారనుకున్నావు? దానంతట అది పోతుందా?"

దుప్పటి అంచు గాలికి లేచి పడింది. నేను తలుపు వేద్దామనుకుని వెయ్యలేదు. కదిలితే ఇద్దరికీ నేనున్నానని గుర్తొస్తుంది.

వదిన మాట్లాడడం మొదలుపెట్టింది. ఆమె అంతసేపు మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. "గని మూసిన నెలలో తెచ్చాడు దీన్ని. పిండి డబ్బా గోకుతుంటే తెచ్చాడు. పోనీ, ఎండకాలం నడిపాడు, బాగానే ఉంది. మరి చలికాలం? నడవని కారులో రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. ఇంజను ఉండదు, వెచ్చదనం ఉండదు. ఇంట్లో పొయ్యి ఉంది. కుర్చీ ఉంది. నేనున్నాను. ఆయనకి ఇక్కడే బాగుండేది. ఇక్కడే పోయాడు కూడా. నేను పిలవడానికొస్తే స్టీరింగు మీద చేతులున్నాయి. ఆఖరికి కూడా నా దగ్గర్నుంచి ఎక్కడికో పోతూనే ఉన్నాడు. నన్ను వదిలి పోడానికి అంత దూరం కావాలా మనిషికి? అందుకే తీసెయ్యమన్నాను. అంతే."

సోన్యా తల్లిని చూస్తూ ఉండిపోయింది. కోపం తెచ్చుకోడానికి ప్రయత్నిస్తున్నట్టు, అది దొరకనట్టు ఉంది దాని మొహం.

"అమ్మా," అంది. "నీకు తెలీదా?"

"ఏంటి?"

"నేనూ వచ్చి కూర్చునేదాన్ని కదా నాన్నతో. చిన్నప్పుడు."

"తెలుసు. ముక్కు చీదుకుంటూ లోపలికొచ్చేదానివి."

"ఎక్కడ కూర్చునేదాన్నో తెలుసా?"

వదిన కారు వైపు చూసింది.

"వెనక. ఎప్పుడూ వెనకే. ఆ ఇరుకులో. ముందు కూర్చుంటానని ఏడిచేదాన్ని. 'అది మీ అమ్మ సీటు' అనేవాడు. 'మీ అమ్మ కూర్చుని ఉందిగా, కనపడట్లా?' అనేవాడు." సోన్యా కారు దగ్గరికి నడిచి బానెట్ మీద చెయ్యి వేసింది. "ఇవాళ ఎక్కడికి నాన్నా అంటే, సరస్సు చుట్టూ అనేవాడు. దక్షిణానికి, ఎండ ఉన్న చోటికి అనేవాడు. మలుపు తిప్పేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టేవాడు, పక్క మనిషి ముందుకి తూలకుండా. 'మీ అమ్మ కళ్ళలో ఎండ పడుతోంది, ఆ రేకు దించు' అనేవాడు. నేను వెనక నుంచి చెయ్యి చాపి దించేదాన్ని. లేని మనిషికి! 'అమ్మ నిద్రపోయింది, నెమ్మదిగా మాట్లాడు' అనేవాడు. నేను నిజంగానే నెమ్మదిగా మాట్లాడేదాన్ని అమ్మా. నాకు అది ఆటో, నిజమో తెలిసేది కాదు."

కొట్టం కప్పు మీద నుంచి మంచు ఒక పెళ్ళ జారి బయట పడింది. ముగ్గురం ఉలిక్కిపడ్డాం.

"మరి నాకెందుకు చెప్పలేదు ఆ మనిషి?" అంది వదిన.

"మొదటి రోజు అడిగాడట కదా, ఎక్కమని. 'నా శవం కూడా ఇందులో ఎక్కదు' అన్నావట."

"అన్నాను."

"మళ్ళీ అడగడానికి భయమేసింది అన్నాడు నాన్న. మాటల్ని కొనుక్కొచ్చినట్టు పొదుపుగా ఖర్చు పెట్టేవాళ్ళు నువ్వూ నాన్నా ఇద్దరూ. నాకేం తెలుసు, నీకు తెలుసుననుకున్నా."

వదిన అడుగు ముందుకు వేసింది. ఇంకొకటి. కారు కుడి వైపుకి, డ్రైవరు పక్క సీటు తలుపు దగ్గరికి వచ్చి పిడి పట్టుకుని లాగింది. రాలేదు.

"కొంచెం పైకెత్తాలి," అన్నాను.

ఎత్తి తెరిచింది. నేను వెనక నిలబడి లోపలికి చూశాను. పొద్దున నడిపేటప్పుడు గమనించనిది అప్పుడు కనపడింది. స్టీరింగు ముందున్న సీటు తోలు పగిలి, పసుపు నురగ బయటికొచ్చి, అన్న నడుము గుంట పడి ఉంది. పక్క సీటు నల్లగా, నున్నగా, దుకాణంలోంచి తెచ్చిన నాటిలా ఉంది. ఒక్క మడత లేదు.

"నేనూ ఎవర్నీ కూర్చోబెట్టలేదు అందులో," అంది సోన్యా. "అలవాటైపోయింది. నేను చేసుకోబోయే అతను కూడా వెనకే కూర్చుంటాడు. ఆరడుగుల మనిషి. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని. ఒకసారి అడిగాడు ఎందుకని. అమ్మ సీటు అన్నా. మళ్ళీ అడగలేదు."

వదిన లోపలికి వంగి ఆ సీటు మీద అరచెయ్యి పెట్టింది. కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. చాలాసేపు అలాగే వంగి ఉండిపోయింది. లేచి నిలబడ్డప్పుడు నల్లటి తోలు మీద పిండి చెయ్యి తెల్లగా అచ్చు పడి ఉంది. తుడవబోయి ఆగింది.

"మాడిపోతాయి. రండి," అని ఇంటి వైపు నడిచింది. వస్తారా లేదా అని వెనక్కి చూడలేదు.

సోన్యా నా మొహంలోకి చూసింది. నేను భుజాలు ఎగరేశాను. మంచు పెద్దదయింది. పిల్ల ఒకసారి బ్రిడ్జి ఉన్న దిక్కుకి, ఒకసారి పొగగొట్టం వైపు చూసి, తల్లి అడుగుల్లో అడుగులు వేసుకుంటూ వెళ్ళింది. నేను కొట్టం తలుపు వేసి వెనకే వెళ్ళాను.

వంటిల్లు వేడిగా ఉంది, కిటికీ అద్దాలన్నీ చెమటలు పట్టాయి. బూట్లు తలుపు దగ్గర విప్పాం. వదిన పొయ్యిలోంచి రేకు లాగింది. పేస్టీలు. మాంసం, బంగాళాదుంప, ఉల్లి పిండిలో పెట్టి కజ్జికాయలా మడిచి అంచు కుట్టినవి, ఒక్కోటి మనిషి అరచేతి కన్నా పెద్దది. గని ఉన్న రోజుల్లో మగవాళ్ళు చొక్కా లోపల పెట్టుకుని కిందికి తీసుకుపోయేవాళ్ళు. సగం తిని పక్కన పెడితే ఎవరిది ఎవరిదో తెలియడానికి ఇంటి ఆడవాళ్ళు పచ్చి పిండి మీదే కత్తి మొనతో ఎవరి పేరు మొదటి ఇంగ్లీషు అక్షరం వాళ్ళకి గీసేవాళ్ళు. గని పోయింది గానీ వదిన గీయడం మానలేదు. ఆమె చేతి పేస్టీ ఎవరి అక్షరం ఉంటే వాళ్ళే తినాలి.

పళ్ళేలు ముందే వేసి ఉన్నాయి. నా ముందు పెట్టినదాని మీద ఈ. ఆమెది ఏ. సోన్యా ముందు పెట్టింది ఎస్, అంచులు ఎర్రగా కాలి, రసం ఉబికి ఉంది. పిల్ల ఫోర్కు చేతిలోకి తీసుకుంది.

అప్పుడు వదిన నాలుగోది తెచ్చి, అన్న కుర్చీ ముందున్న పళ్ళెంలో పెట్టింది. అన్నకి పెట్టిందనుకున్నాను. మనిషి పోయినా కొందరు పెడతారు. కానీ దాని మీద గీసి ఉన్నది తౌనో అక్షరం కాదు. డి.

మా ఇంట్లో ఆ అక్షరం మనిషి ఎవరూ లేరు. సోన్యాని చూశాను. ఫోర్కు గాలిలో ఆగిపోయింది. చెంపల మీది రంగంతా దిగిపోయింది. దాంతో నాకు తెలిసింది ఆ అక్షరం ఎవరిదో. నాకు లారీలో చెప్పని పేరు. కొట్టంలో ఎవరూ పలకని పేరు. వదిన కొట్టంలోకి రాకముందే, పెళ్ళి మాట వినకముందే, కారు కొండెక్కుతుండగానే పచ్చి పిండి మీద కత్తితో గీసి పొయ్యిలో పెట్టిన పేరు. అంటే కూతురి సంగతులు ఆమెకి ఎలాగో ముందే తెలుసు.

సోన్యా నోరు తెరిచింది. వదిన టమాటా సాస్ సీసా దాని వైపు జరిపి, తల వంచుకుని తన పేస్టీ కోసుకుంది. పిల్ల నోరు మూసుకుంది. కాసేపు ఆ నాలుగో పళ్ళేన్నే చూసి, తర్వాత తనూ కోసుకుంది. నేనూ తిన్నాను. బయట గాలి పెరిగి కిటికీ తలుపులు ఊగుతున్నాయి. ముగ్గురం తింటున్నాం, నాలుగోది అన్న కుర్చీ ముందు ఆవిరి కక్కుతోంది.